కమ్మీకి తగిలిన కడ్డీ

ఇర్మా చెయ్యి వణికిందని వాల్ట్ ఊరంతా చాటాడు. పెట్రోలు బంకులో చెప్పాడు, చర్చి మెట్ల మీద చెప్పాడు, ఆమెతో కలిసి రోడ్ల మీద మంచు తోసే లారీలు నడిపే మగాళ్ళకు కూడా చెప్పాడు. "యాభై ఏడొచ్చాయి, భుజానికి ఆపరేషనయింది, పాపం ఇంకెక్కడి గురి దానికి?" అని నిట్టూర్చేవాడట. సొంత అన్న కదా, జాలిపడినట్టే చెప్పేవాడు. ఆ జాలి తల్చుకుంటేనే ఇర్మాకు ఒళ్ళు మండేది. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. జాలిపడేవాణ్ణి ఏం చేస్తాం?

పైగా అతను చెప్పేది అబద్ధమని అనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. నిరుడు అక్టోబరు ఆరున, సాయంత్రం వెలుగు ఇంకా బాగానే ఉండగా, చిత్తడి నేల అంచున వాళ్ళ నాన్న కట్టిన మంచె మీద నుంచి ఆమె ఒక మగజింకను కొట్టింది. ఇరవై రెండు గజాలు. కళ్ళు మూసుకుని కొట్టగలిగే దూరం. గుండెలో దిగాల్సిన బాణం కడుపులో దిగింది. జింక వంగిపోయి, దేవదారు చెట్లలోకి వెళ్ళిపోయింది. రెండు రోజులు మోకాళ్ళ మీద పాకుతూ ఆకుల మీద నెత్తురు చుక్కలు వెతికింది. మూడో రోజు కాకులు అరుస్తున్న చోటికి వెళితే తోడేళ్ళు మిగిల్చిన ఎముకలు కనిపించాయి. ముప్పై ఏళ్ళలో ఒక్క జింకను కూడా అలా చావనివ్వని మనిషి అక్కడే బురదలో కూలబడి ఏడ్చింది.

మిషిగన్ ఉత్తర కొసన ఆ అడవిలో వేటకాళ్ళు బస చేసే కొట్టాలు చాలా ఉన్నాయి. ప్రతి కొట్టానికీ దాని పద్ధతులు ఉంటాయి. ఇర్మా వాళ్ళ కాంగస్ కుటుంబం కొట్టానికి నాన్న పెట్టిన పద్ధతులు రెండు. గురి తప్పినవాళ్ళ చొక్కా వెనక కొస కత్తిరించి, దాని మీద పేరూ తేదీ రాసి గోడకు మేకు కొడతారు. అది నవ్వులాట. రెండోది నవ్వులాట కాదు. జింకను గాయపరచి పోగొట్టుకున్నవాళ్ళు మరుసటి ఏడు వేట మొదలయ్యే ముందు రోజు, అందరూ చూస్తుండగా, ముప్పై గజాల నుంచి ఒక కాగితం పళ్ళెంలో మూడు బాణాలు దించాలి. ఒక్కటి బయటికి పోయినా మంచె చేతులు మారుతుంది. మారితే మారినట్టే, మళ్ళీ తిరిగి రాదు.

ఇర్మా మంచె ఎవరి చేతికి వెళుతుందో వాల్ట్ ముందే తేల్చేశాడు. అతని అల్లుడు డెరిక్ చేతికి.

పరీక్షకు నాలుగు రోజుల ముందు ఇర్మా తన విల్లు చంకన పెట్టుకుని గస్ మరినెల్లి కొట్టుకు వెళ్ళింది. గస్ ఒకప్పటి పెట్రోలు బంకులో నలభై ఏళ్ళుగా విళ్ళూ బాణాలూ అమ్ముతున్నాడు. వాళ్ళ నాన్నకు స్నేహితుడు. కొట్టంలో చొక్కాలు కత్తిరించే కత్తెర కూడా నాన్న పోయాక అతని దగ్గరే ఉంటోంది.

"దీనికి పదిహేనంగుళాల స్టెబిలైజర్ కావాలి. ఉన్నవాటిలో బరువైంది ఇయ్యి," అంది ఇర్మా, విల్లు బల్ల మీద పెడుతూ.

"ఏం, ఒలింపిక్స్‌కి పోతున్నావా?"

"హాస్యాలాడకు గస్. చెయ్యి వణుకుతోంది నాకు."

గస్ ఇక హాస్యమాడలేదు.

విల్లు ముందుకు పొడుచుకొచ్చేలా బిగించే ఈ కడ్డీ పని ఒక్కటే. చెయ్యి కాస్త కదిలినా విల్లును కదలనివ్వదు. ఎంత పొడుగైతే, కొసన ఎన్ని బరువు బిళ్ళలు ఉంటే, విల్లు అంత నిలకడగా ఉంటుందని అందరూ చెబుతారు. ఇర్మా విల్లుకు అప్పటికే పన్నెండంగుళాల కడ్డీ, కొసన ఎనిమిది ఔన్సుల బిళ్ళలు ఉన్నాయి. నిరుడు వేసవిలో వాల్ట్ కొనిచ్చాడు. "భుజం బాలేదుగా, ఇది పెట్టుకో, రాయిలా నిలబడుద్ది," అని తనే బిగించాడు కూడా. అంత మంచి కడ్డీ ఉండి కూడా గురి తప్పిందంటే వణుకు చాలా ముదిరిందనేగా? ఏడాది పాటు ఇర్మా అలాగే అనుకుంది. ఇంకా పొడుగు, ఇంకా బరువు ఉంటే గట్టెక్కుతానేమోనని వచ్చింది.

గస్ పాత కడ్డీ విప్పాడు. కిటికీ వైపు తిప్పి, కొసనున్న నల్లటి బిళ్ళను బొటనవేలితో రుద్దాడు.

"ఈ పచ్చరంగేంటి? నీ లారీకి గీసుకుందా?"

"నా లారీ నారింజ రంగు."

"మరిదెక్కడిది? బిళ్ళ అడుగున చూడు, గట్టిగా కొట్టుకుంది. చొట్ట కూడా పడింది."

ఇర్మా బిళ్ళను చేతిలోకి తీసుకుంది. గోరంత పచ్చరంగు, గీత పడి అతుక్కుపోయి ఉంది. ఆ పచ్చ ఆమెకు తెలుసు. వాల్ట్ పడవకు వేయగా మిగిలిన రంగు. నిరుడు వేసవిలోనే మంచెకు అడ్డంగా ఉన్న కమ్మీని అతను నాలుగంగుళాలు పైకి లేపి, ఆ రంగు వేశాడు. "వయసు మీదపడుతోంది, తూలి కిందపడతావ్," అన్నాడు. వాల్ట్ వడ్రంగి. అతని చేతి పని అడగకుండానే అందరికీ అందుతుంది.

బాణం వదిలినప్పుడు వినిపించిన చప్పుడు ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. టక్. ఆ రాత్రే వాల్ట్‌ను అడిగింది కూడా. "బాణం ఎముకకు తగిలుంటది," అన్నాడు. కడుపులో ఎముకేముంటుందని ఆమెకు అప్పుడు తట్టలేదు. ఏడుస్తున్న మనిషికి ఏం తడుతుంది?

"గస్, ఒక స్టూలెయ్యి. ఒక కుర్చీ కూడా."

లారీలోకి వెళ్ళి వేటకు వేసుకునే దళసరి ఉన్నికోటు తెచ్చి తొడుక్కుంది. బయట ఎండ కాస్తోంది.

"జ్వరమొచ్చిందా అమ్మాయ్?"

"నోరు మూసుకుని ఆ కుర్చీ నా ముందు పెట్టు. వెన్ను నా వైపుండాలి. ఇంకొంచెం ఎత్తు. కింద రెండు పుస్తకాలెయ్యి. ఆ, అంతే. గురిపెట్టే దిమ్మని అక్కడ నేల మీద పెట్టు."

కొట్టు వెనక పొడుగాటి గదిలో, స్టూలు మీద కూర్చుని ఆమె పాత కడ్డీతోనే విల్లు లాగింది. నిటారుగా ఉన్నంతసేపూ బాగానే ఉంది. గురిని నేల మీది దిమ్మ మీదికి దించుతూ కాస్త ముందుకు వంగింది. మంచె మీద చేసేది అదే కదా, జింక ఎప్పుడూ కిందే ఉంటుంది. కంటి ముందు దిమ్మా, విల్లుకున్న గురి చూసే సూదీ తప్ప ఇంకేం కనిపించవు. వదిలింది.

టక్.

కడ్డీ కొస కుర్చీ వెన్నుకు కొట్టుకుంది. బాణం దిమ్మ నడుమన కాకుండా జానెడు అవతల దిగింది.

"అదే. అదే చప్పుడు," అంది ఇర్మా.

గస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నలభై ఏళ్ళుగా అమ్ముతున్నా. అందరూ ఇక్కడ టీషర్టేసుకుని, నిలబడి ఎంచుకుంటారు. అడవిలో కోటేసుకుని, కూర్చుని కొడతారు. నేనొక్కడికీ చెప్పిన పాపాన పోలేదు. నన్నూ తిట్టు."

"నీ వంతు తర్వాత. ముందు పొట్టివి తియ్యి."

ఆ మధ్యాహ్నమంతా ఆ స్టూలు మీదే గడిచింది. పదంగుళాల కడ్డీ తగిలింది. ఎనిమిదంగుళాలది నిటారుగా కూర్చుంటే తగల్లేదు, వంగితే తగిలింది. ఆరంగుళాలది ఎటు వంగినా తగల్లేదు. కానీ అంత పొట్టి కడ్డీతో విల్లు కుడివైపుకు వాలిపోతోంది. సూదీ, బాణాల పొదీ రెండూ అటే వేలాడుతుంటాయి మరి. విల్లు నిటారుగా ఉందో లేదో చూపడానికి సూది కింద గాజు గొట్టంలో ఉండే గాలిబుడగ ఒక మూలకు పారిపోయింది. దాన్ని నడుమకు తేవాలంటే మణికట్టుతో మెలిపెట్టి పట్టుకోవాలి. ఆపరేషనయిన భుజం ముప్పై లెక్కపెట్టేలోపే మంటెత్తింది.

"ఎడమవైపు వెనక్కొచ్చేలా ఇంకో చిన్న కడ్డీ పెడదాం. తూకం సరిపోద్ది," అన్నాడు గస్.

పెట్టాడు. అది పదంగుళాలది. కోటు జేబు మూతలో ఇరుక్కుంది. ఏడంగుళాలది పెట్టాడు. ఇరుక్కోలేదు. వెనక నాలుగు బిళ్ళలు, ముందు మూడు. ఇర్మా లాగి పట్టుకుంది, గస్ లెక్కపెట్టాడు. ఇరవై రెండు దగ్గర భుజం గొడవ చేసింది. వెనక ఒక బిళ్ళ తీశారు. మళ్ళీ లాగింది. ముప్పై. గాలిబుడగ నడుమన కూర్చుంది. బాణం వదిలింది. రెండోది, మూడోది. మూడు బాణాలూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి.

ఇర్మా తన ఎడమచేతిని చాపి చూసుకుంది. ఏడాదిగా అలా చూసుకోవడం ఆమెకు అలవాటయిపోయింది. చెయ్యి కదల్లేదు.

"వాల్ట్‌కి తెలిసుండదులే," అన్నాడు గస్ నెమ్మదిగా.

ఆమె కూడా అలాగే అనుకోవాలని చూసింది. మనిషికి తప్పులు జరుగుతాయి. కమ్మీ మంచికే లేపాడు, కడ్డీ మంచికే కొన్నాడు. ఆ రెండూ ఒకదానికొకటి తగులుతాయని ఎవరు ఊహిస్తారు? అయినా ఒకసారి కళ్ళతో చూడాలనుకుంది. లారీ ఇంటి వైపు కాకుండా అడవి వైపు తిప్పింది.

మంచె ఎక్కి కూర్చుంది. కమ్మీ అలాగే ఉంది, పచ్చగా, ఎండకు వెలిసి. ఒక్కచోట తప్ప. సరిగ్గా ఆమె ముందు, జానెడు మేర, రంగు కొత్తగా నిగనిగలాడుతోంది. బొటనవేలితో తడిమింది. కొత్త రంగు కింద చొట్ట తగిలింది. ఎవరో దాన్ని గరుకు కాగితంతో రుద్ది, పూడ్చి, పైన రంగు వేశారు.

కమ్మీని మోసే రెండు స్తంభాల మీదా కొత్త పెన్సిలు గీతలు ఉన్నాయి. వడ్రంగి వాడే లావు పెన్సిలు. కమ్మీకి సరిగ్గా నాలుగంగుళాల కింద, అడ్డంగా, నీటుగా గీశాడు. కమ్మీని మళ్ళీ పాత చోటికి దించడానికి కొలత తీసుకున్నాడు. తీసుకుని దించకుండా వదిలేశాడు. దించే రోజు ఇంకా రాలేదు. ఇర్మా ఓడిపోయి, డెరిక్ ఎక్కే రోజున దించుతాడు.

చూశాడు. తెలుసుకున్నాడు. చెల్లెలి తప్పు కాదని తెలిసీ రంగు పూసి, ఊరంతా తిరిగి ఆమె చెయ్యి వణుకుతోందని చెప్పాడు.

అప్పుడు నిజంగానే ఇర్మా చేతులు వణికాయి. కమ్మీని పట్టుకుని, చెవులు గింగురుమంటుంటే, తనకు వచ్చిన బూతులన్నీ ఇంగ్లీషులోనూ అమ్మమ్మ దగ్గర నేర్చిన ఫిన్నిష్‌లోనూ గట్టిగా తిట్టింది. చిత్తడిలో ఉన్న బాతులు లేచిపోయాయి. వాల్ట్ ఇంటికి వెళ్ళి తలుపు బద్దలుకొట్టాలనిపించింది. కొట్టలేదు. అతని ఇంట్లో అడిగితే అతను మాటలతో తప్పించుకుంటాడు, మళ్ళీ ఊరంతా తిరిగి జాలిపడతాడు. అడగాల్సింది పళ్ళెం దగ్గర, కొట్టంలో, కత్తెర ముందు.

సెప్టెంబరు ముప్పైన మధ్యాహ్నం ఇర్మా, వాల్ట్, డెరిక్, గస్ నలుగురూ కొట్టం వెనక చేరారు. గస్ వేడివేడి పాస్టీలు తెచ్చాడు. బంగాళదుంపా మాంసం కూరిన ఆ కజ్జికాయల వాసన గాలంతా పట్టింది. ఇర్మా ముట్టుకోలేదు. వాల్ట్ ఒకటి నములుతూనే ముప్పై గజాల అవతల కాగితం పళ్ళెం కట్టి వచ్చాడు.

"ఏంటే ఆ బుల్లి ముక్కలు? పిల్లల బొమ్మ విల్లులా ఉంది. నేను కొన్నదేది?"

"ఇంట్లో ఉంది. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

"నీ ఇష్టం. ఒత్తిడి పెట్టుకోకు, పోతే పోయింది. పోయేది మంచె ఒక్కటేగా."

డెరిక్ పక్కన నిలబడి బూట్ల వంక చూసుకుంటున్నాడు. మెతక మనిషి. మామగారు ఏది కొనిస్తే అది వాడతాడు. అతని విల్లుకు కూడా పన్నెండంగుళాల కడ్డీ ఉంది.

మొదటి బాణం పళ్ళెం నడుమన దిగింది. రెండోది దానికి రెండు వేళ్ళ పక్కన. మూడోదానికి విల్లు లాగినప్పుడు వాల్ట్ గస్‌తో అన్నది వినిపించింది: "ఇప్పుడు చూడు, భుజం అలిసిపోద్ది, పాపం."

ఆ "పాపం" అన్న మాటకు ఆమె ఒళ్ళంతా ఒక్కసారి భగ్గుమంది. సూది పళ్ళెం మీద నుంచి ఎగిరి చెట్టు మీదికి పోయింది. ఆ క్షణంలో వదిలేస్తే అన్న గెలిచినట్టే. ఇర్మా బాణం వదలకుండా నారిని నెమ్మదిగా సడలించింది. మూడుసార్లు ఊపిరి పీల్చింది. నాన్న నేర్పినట్టు పళ్ళెం మీద ఒక మరకను ఎంచుకుని, దాన్నొక్కదాన్నే చూస్తూ మళ్ళీ లాగింది. వదిలింది.

గస్ నడిచి వెళ్ళి పళ్ళెం తెచ్చి చూపించాడు. మూడు చిల్లులు.

"అంచున ఉందది," అన్నాడు వాల్ట్.

"లోపల ఉంది. నీ కళ్ళకేమైనా జబ్బు చేసిందా?" అన్నాడు గస్.

"సరే, సరే, సంతోషం. లోపలికి రండి, కాఫీ తాగుదాం."

"కమ్మీ ఎప్పుడు దించుతున్నావ్ వాల్ట్?" అని అడిగింది ఇర్మా.

"ఏ కమ్మీ?"

"నా మంచె కమ్మీ. స్తంభాల మీద గీతలు గీసుకున్నావుగా."

"వడ్రంగిని నేను. ఎక్కడ పడితే అక్కడ గీస్తా. దానికి..."

"రేపు తెల్లారకముందే దించుదామన్నావు కదా," అన్నాడు డెరిక్, సాయం చేస్తున్నాననుకుని. "పొడుగు కడ్డీ దానికి కొట్టుకుంటది, ముందు నాలుగంగుళాలు దించాలి అన్నావు. ఆ మంచె నాకొస్తే."

డెరిక్ ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తనేం అన్నాడో అతనికి నెమ్మదిగా తెలిసొచ్చింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అని అడిగింది ఇర్మా.

వాల్ట్ చేతిలోని పాస్టీని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. "నువ్వు జింకని వెతుకుతున్నప్పుడు. రెండో రోజు. మంచె మీద నీ టోపీ మర్చిపోయావు, దానికోసం ఎక్కా."

"నేను మోకాళ్ళ మీద పాకుతున్నప్పుడు."

"చెప్పి ఏం లాభమే? జింక తిరిగొస్తదా? డెరిక్‌కి కూర్చోడానికి ఒక చోటు లేదు. నీకు పిల్లల్లేరు, ఎప్పటికైనా వాడికే కదా..."

"డాక్టర్ దగ్గరికెళ్ళా నేను!" ఇర్మా అరిచింది. "వణుకుడు జబ్బేమో చూడమని బతిమాలా. బుర్రకి ఫోటోలు తీయించుకున్నా. చలికాలమంతా పెద్ద రోడ్డు మీద లారీ నడపనని రాసిచ్చా, ఎవర్నైనా గుద్దేస్తానేమోనని! సూపు తాగేప్పుడు చెంచా వంక చూసుకునేదాన్ని వాల్ట్. ఏడాది. రోజూ. నువ్వు ప్రతి ఆదివారం నా ఎదురుగానే కూర్చుని నేను చూసుకోవడం చూశావు!"

"అంతదూరం పోతుందనుకోలేదు."

"మంచె అడగాల్సింది."

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు. అయినా అడగాల్సింది!"

వాల్ట్ ఏదో అనబోయాడు. గస్ జేబులోంచి కత్తెర తీసి ఇర్మా చేతిలో పెట్టాడు.

"ఇదేం పద్ధతి? నేనెక్కడ గురి తప్పా?" అన్నాడు వాల్ట్.

"వెనక్కి తిరుగు," అంది ఇర్మా.

అతను డెరిక్ వైపు చూశాడు. డెరిక్ తన విల్లుకున్న పొడుగు కడ్డీని విప్పుతున్నాడు. తల ఎత్తలేదు. వాల్ట్ వెనక్కి తిరిగాడు.

ఎర్ర గళ్ళ చొక్కా వెనక కొసను ఆమె వంకరటింకరగా, కసిగా కత్తిరించింది. కొట్టంలోకి వెళ్ళి గుడ్డను బల్ల మీద పరిచింది. వాల్ట్ పెన్సిలు అక్కడే ఉంది. దానితోనే అతని పేరు రాసింది, తేదీ వేసింది. వెనకే వచ్చిన డెరిక్ తొంగిచూశాడు.

"ఇవాళ ముప్పై కదా. నువ్వు నిరుటి అక్టోబరు ఆరు రాశావు."

"తెలుసు."

గోడ మీద నిరుడు కత్తిరించిన ఆమె చొక్కా గుడ్డముక్క ఉంది. అదే తేదీతో. డెరిక్ దాన్ని పీకడానికి చెయ్యి చాపాడు. "ఇక ఇది అక్కర్లేదుగా."

"ముట్టుకోకు. బాణం నాదే," అంది ఇర్మా.

దాని మేకును సుత్తితో పూర్తిగా బయటికి లాగింది. అన్న గుడ్డను తన గుడ్డ మీద పెట్టి, ఆ మేకునే మళ్ళీ తల దాకా దిగ్గొట్టింది.